మీకు తెలుసా? నార్వేలో కొండ ఎవరిది, ఎండ ఎవరిది

పోటీ పరీక్షల బిట్లలో నార్వేకు ఒకటే ప్రశ్న: అర్ధరాత్రి సూర్యుడు కనిపించే దేశం ఏది? జవాబు సరైనదే. అయితే ఆ జవాబు పట్టుకుని ఓస్లోలో దిగితే అర్ధరాత్రి సూర్యుడు కనిపించడు. ఆర్కిటిక్ వలయం దాటి ఉత్తరానికి వెళ్లాలి. ట్రోమ్సో పట్టణంలో మే 20 ప్రాంతం నుంచి జూలై 22 దాకా పొద్దు గుంకదు. నవంబరు 27 నుంచి జనవరి 15 దాకా పొద్దు పొడవదు. ఆకాశంలో పచ్చగా అల్లల్లాడే ధ్రువకాంతుల కోసం వెళ్లేవాళ్లు సెప్టెంబరు చివరి నుంచి మార్చి చివరి దాకా ఉన్న కాలాన్ని ఎంచుకోవాలి. వేసవిలో చీకటే పడదు కాబట్టి అవి కంటికి ఆనవు.

ఇవి ఏ ప్రయాణ సంస్థవాళ్లైనా చెబుతారు. 55 లక్షల పైచిలుకు జనాభా ఉన్న ఆ దేశం గురించి ముందుగా తెలుసుకోవలసింది ఇంకొకటి ఉందని నా అభిప్రాయం. నేల, నీరు, చమురు, ఆఖరికి ఎండ కూడా, ప్రకృతి ఇచ్చినది ఎవరికి చెందాలి అన్న ప్రశ్నను నార్వే వాళ్లు వందేళ్లకు పైగా పట్టు వదలకుండా అడుగుతూ వస్తున్నారు. అక్కడ మీకు ఎదురయ్యే వింతల్లో సగానికి కారణం అదే.

పరాయి అడవిలో మీ గుడారం

అడవి, కొండ, సరస్సు గట్టు ఎవరి పట్టాలో ఉన్నా వాటి మీదుగా నడిచే హక్కు నార్వేలో అందరికీ ఉంది. తరతరాల ఆచారాన్ని 1957లో చట్టంగా రాసుకున్నారు. పౌరులకే అన్న షరతు లేదు, నిన్న విమానం దిగినవాళ్లకూ వర్తిస్తుంది. సాగులో లేని నేల మీద నడవొచ్చు, స్కీల మీద జారొచ్చు, సరస్సులో ఈదొచ్చు, అడవి పండ్లూ పుట్టగొడుగులూ ఏరుకోవచ్చు, పైసా కట్టకుండా గుడారం వేసుకుని పడుకోవచ్చు.

హద్దులూ అంతే స్పష్టంగా ఉన్నాయి. జనం ఉండే ఇంటికి, కుటీరానికి కనీసం 150 మీటర్ల దూరంలో గుడారం వేయాలి. ఒకే చోట రెండు రాత్రులు దాటితే యజమానిని అడగాలి. ఎత్తైన కొండల్లో, ఊళ్లకు బాగా దూరంగా ఉన్నచోట అదీ అక్కర్లేదు. పంటచేలు, పెరళ్లు, గడ్డి పెంచే పొలాలు మాత్రం వేరు. నేల గడ్డకట్టినప్పుడో, మంచు కప్పినప్పుడో తప్ప వాటిలో అడుగు పెట్టకూడదు. అప్పుడు కూడా ఏప్రిల్ 30 నుంచి అక్టోబరు 14 దాకా కూడదు. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా అడవిలో గానీ, అడవి పక్కన గానీ మంట వేయడం నిషేధం.

ఒక ముచ్చట. ఉత్తరాన చిత్తడి నేలల్లో క్లౌడ్‌బెర్రీ అని పసుపురంగు పండు దొరుకుతుంది, అక్కడివాళ్లకు ప్రాణం. నూర్లాన్, ట్రోమ్స్, ఫిన్‌మార్క్ ప్రాంతాల్లో మాత్రం ఆ పండు కోయవద్దని యజమాని అడ్డు చెప్పవచ్చు. అయినా కోసి అక్కడికక్కడే తింటే తప్పు కాదు. బాటసారి ఆకలిని ఒక దేశపు చట్టం ఇంత శ్రద్ధగా పట్టించుకోవడం నాకు ఎంతో నచ్చింది.

ఈ హక్కును నడకగా మార్చింది 1868లో పుట్టిన నార్వే పర్వతారోహణ సంఘం. దేశమంతటా వాళ్లకు 550కి పైగా కుటీరాలున్నాయి. రాళ్ల మీద ఎర్రరంగుతో వేసిన టీ అక్షరం కనబడితే దారి తప్పనట్టే. చాలా కుటీరాల్లో కాపలా మనిషి ఉండడు. సభ్యులందరి దగ్గరా ఒకే రకం తాళంచెవి ఉంటుంది. కొన్నిటి లోపల పొయ్యి, కట్టెలు, పరుపులు, డబ్బాల్లో ఆహారం సర్ది ఉంటాయి. తిన్నదేమిటో, పడుకున్నదెవరో మీరే రాసి, లెక్కగట్టి డబ్బు చెల్లించాలి. అడిగేవాళ్లు లేరు. దశాబ్దాలుగా ఈ పద్ధతి చెక్కుచెదరలేదు.

కొండ మీద మర్యాద ఇంకొకటుంది. 1967 ఈస్టర్ సెలవుల్లో కొండల్లో 18 మంది చనిపోయాక, పర్వత నియమావళిని ఇంటింటికీ చేర్చారు. వాతావరణం తిరగబడితే వెనక్కి రావడంలో అవమానం లేదన్నది అందులో ముఖ్యమైన మాట. సరస్సు మీదికి 700 మీటర్ల ఎత్తున చొచ్చుకొచ్చిన ట్రోల్‌టుంగా రాతినాలుక మీద ఫొటో కోసం ఉరికేవాళ్లు దీన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి. మామూలు దారిలో రానూపోనూ 27 కిలోమీటర్లు, పది పన్నెండు గంటల నడక. మధ్యలో అంగడి లేదు. చెప్పుల కాళ్లతో, చేతిలో ఒక్క నీళ్లసీసాతో బయల్దేరకండి.

ఎండను కిందికి దింపిన ఊరు

ఓస్లోకు పడమరగా, గౌస్టాటొప్పెన్ అనే 1,883 మీటర్ల కొండ నీడలో ర్యూకాన్ అని చిన్న పట్టణం ఉంది. ఇరుకైన లోయ కావడంతో సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకా నేల మీద ఎండ పడదు. సూర్యుడు ఉంటాడు, పై గుట్టల మీద వెలుగు కనిపిస్తూనే ఉంటుంది, ఊళ్లోకి మాత్రం దిగదు.

అలాంటి చోట ఊరెందుకు కట్టారంటే, జలపాతం కోసం. 1905లో పుట్టిన నోర్స్క్ హైడ్రో కంపెనీ గాలిలోని నైట్రోజన్‌తో ఎరువు తయారుచేయడానికి బోలెడు కరెంటు కావాలని ఇక్కడికి వచ్చింది. 1911లో వేమోర్క్ విద్యుత్ కేంద్రం మొదలైనప్పుడు ప్రపంచంలో అంత పెద్దది మరొకటి లేదు. కార్మికుల కోసం కంపెనీ ఊరు కట్టింది. ఎండ లేక అల్లాడుతున్న ఆ జనం కోసం 1928లో తీగమార్గం వేసింది. చలికాలంలో దాని మీద గుట్టపైకి వెళ్లి కాసేపు ఎండలో కూర్చుని రావచ్చు. ఆ తీగమార్గం ఇప్పటికీ నడుస్తోంది.

ఎండ దగ్గరికి మనం వెళ్లడం కాదు, ఎండనే ఊళ్లోకి దింపాలన్న ఆలోచన 1913లోనే పుట్టింది. అది జరగడానికి వందేళ్లు పట్టింది. 2013 అక్టోబరులో లోయకు 450 మీటర్ల పైన మూడు పెద్ద అద్దాలు నిలబెట్టారు. కంప్యూటర్ సాయంతో అవి సూర్యుడి వెంట తిరుగుతూ, ఊరి నడిబొడ్డున 600 చదరపు మీటర్ల మేర వెలుగు పరుస్తాయి. అద్దాలు ఏ ఇంటి వైపో, ఏ హోటల్ వైపో తిప్పలేదు. నాలుగు దారులు కలిసే చౌకులోకి తిప్పారు. ఎవరైనా వచ్చి బెంచీ మీద కూర్చోవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధంలో, అణు పరిశోధనకు కావలసిన, ఇక్కడ తయారయ్యే భారజలం జర్మన్లకు అందకుండా 1943 ఫిబ్రవరిలో నార్వే యోధులు దాడిచేసింది కూడా ఈ వేమోర్క్ మీదే. ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉంది. 2015లో యునెస్కో వారసత్వ జాబితాలోనూ చేరింది. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలైన ఫ్యోర్డ్‌లకు వరుసకట్టే పర్యాటకుల్లో ర్యూకాన్ దారి పట్టేవాళ్లు తక్కువ. నా మాట విని ఒక రోజు కేటాయించండి.

చమురుకు ముందు నీళ్లు

గత శతాబ్దం మొదట్లో విదేశీ కంపెనీలు నార్వే జలపాతాలను ఒక్కొక్కటిగా కొనేస్తుంటే పార్లమెంటు ఉలిక్కిపడింది. 1906 నుంచి వరసగా చట్టాలు తెచ్చింది. ప్రైవేటు కంపెనీకి లైసెన్సు ఇచ్చినా, గడువు తీరాక జలపాతం, కట్టడాలతో సహా ఉచితంగా ప్రభుత్వానికి తిరిగి రావాలన్నది 1909 నాటి షరతు. ఇవాళ దేశంలో తయారయ్యే కరెంటులో దాదాపు 90 శాతం నీటి నుంచే వస్తుంది. 2024లో అమ్ముడైన కొత్త కార్లలో నూటికి దాదాపు 89 విద్యుత్ కార్లే. రోడ్ల మీద పొగ వాసన ఎందుకు లేదా అని అనిపిస్తే కారణం ఇది.

సముద్రంలో చమురు పడింది 1969 చివర్లో, ఎకోఫిస్క్ అనే చోట. అప్పటికి నార్వేలో చమురు వ్యాపారం తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. సరిగ్గా ఆ సమయానికి ఒక మనిషి తనంతట తానే వచ్చాడు. ఫారూక్ అల్ కాసిమ్, ఇరాక్‌లోని బస్రాకు చెందిన భూగర్భ శాస్త్రవేత్త. భార్య నార్వే అమ్మాయి. కొడుకుకు సెరిబ్రల్ పాల్సీ. మంచి వైద్యం కోసం ఇరాక్‌లో పెద్ద ఉద్యోగం వదులుకుని 1968లో కుటుంబంతో ఓస్లోలో దిగాడు. అత్తవారి ఊరికి వెళ్లే రైలుకు ఇంకా గంటల వ్యవధి ఉండటంతో, చమురు కంపెనీల పేర్లేమైనా దొరుకుతాయేమోనని పరిశ్రమల శాఖ కార్యాలయం తలుపు తట్టాడు. అక్కడి అధికారులు అతని మాటలు విని, ఉత్తర సముద్రంలో అప్పటిదాకా జరిగిన తవ్వకాల ఫలితాలు చూసిపెట్టే పని అతనికే అప్పగించారు. 1972లో ప్రభుత్వ చమురు కంపెనీ స్టాటాయిల్, దాని మీద నిఘా ఉంచే పెట్రోలియం డైరెక్టరేట్ వేర్వేరుగా ఏర్పడటంలో అతని పాత్ర పెద్దది. స్టాటాయిల్ ఇప్పుడు ఈక్వినోర్ అయింది. ఊరు కాని ఊరు నుంచి బిడ్డ వైద్యానికి వచ్చినవాడి మాటకు ఒక దేశం అంత విలువ ఇచ్చిందే, నార్వే కథలో నన్ను అన్నిటికంటే కదిలించే ఘట్టం అది.

చమురు డబ్బును ఒక నిధిగా పక్కన పెట్టడానికి 1990లో చట్టం చేశారు. 1996లో మొదటి జమ పడింది. ఆ నిధిని దేశంలో పెట్టుబడిగా పెట్టకూడదు, విదేశాల్లోనే పెట్టాలి. లేకపోతే ధరలు మండిపోయి మిగతా పరిశ్రమలు మూతబడతాయని వాళ్ల భయం. నిధి మీద వస్తుందనుకునే రాబడి వరకే ఖర్చు చేయాలన్న నియమం 2001లో వచ్చింది. ఆ రాబడి అంచనా మొదట 4 శాతం, 2017 నుంచి 3 శాతం. ప్రపంచంలోని నమోదిత కంపెనీల వాటాల్లో సగటున ఒకటిన్నర శాతం ఈ నిధి చేతిలో ఉంది, మన దేశపు కంపెనీలవి కూడా. 2025 నాటికి నిధి విలువ 20 లక్షల కోట్ల క్రోనర్లు దాటింది. తలసరి పంచితే చంటిబిడ్డతో సహా ఒక్కొక్కరికి 35 లక్షల క్రోనర్లు వస్తాయి. పంచరు. పుట్టబోయేవాళ్లకూ అందులో వాటా ఉందన్నది లెక్క. ఈ చరిత్రంతా ఒకచోట చూడాలంటే స్టావాంగెర్ రేవులోని చమురు మ్యూజియానికి వెళ్లాలి.

మనకూ ఒక చిన్న చుట్టరికం ఉంది. 2009 తర్వాత మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో చవక కాల్స్‌తో ఊరూరా కనిపించిన యూనినార్ సిమ్ గుర్తుందా? దాని మాతృసంస్థ టెలినార్, సగానికి పైగా వాటా నార్వే ప్రభుత్వానిదే. 2018లో ఇక్కడి వ్యాపారం ఎయిర్‌టెల్‌లో కలిసింది.

ఓటుతో వచ్చిన రాజు

1814 దాకా డెన్మార్క్ కింద, తర్వాత 1905 దాకా స్వీడన్‌తో ఒకే రాజు కింద ఉన్న దేశం ఇది. స్వీడన్ నుంచి విడిపోదామా అని 1905లో అడిగితే 3,68,208 మంది సరే అన్నారు. వద్దన్నవాళ్లు 184 మంది, మొత్తం దేశంలో. అప్పటికి ఓటు హక్కు లేని మహిళలు చేతులు కట్టుకు కూర్చోలేదు. 2,40,000కు పైగా సంతకాలు సేకరించి పార్లమెంటుకు ఇచ్చారు. 1913లో వాళ్లకు ఓటు వచ్చింది. రాజుగా రమ్మని పిలిస్తే డెన్మార్క్ యువరాజు కార్ల్, జనం ఓటేసి పిలిస్తేనే వస్తానన్నాడు. ఓటింగ్‌లో ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిది మంది రమ్మన్నారు. అలా ఆయన ఏడో హోకాన్ అయ్యాడు. ఆయన కొడుకు ఐదో ఓలావ్, 1973 చమురు కొరతలో వారాంతాన కార్లు నడపొద్దన్నప్పుడు, స్కీలు పట్టుకుని మామూలు ట్రాములో ఎక్కి టికెట్ డబ్బు చేతిలో పట్టుకున్న ఫొటో నార్వేలో అందరికీ తెలుసు.

మే 17 రాజ్యాంగ దినోత్సవం. ఓస్లోలో ఆ రోజు సైనిక కవాతు ఉండదు. బడిపిల్లలు జెండాలూ బ్యాండ్లతో రాజభవనం ముందు నుంచి నడుస్తారు, రాజకుటుంబం బాల్కనీలో నిలబడి చేయి ఊపుతుంది. కుదిరితే ఆ రోజుకు ప్రయాణం కుదుర్చుకోండి. ఓస్లోలో ఖర్చులేని ఆనందాలు ఇంకా ఉన్నాయి. 2008లో కట్టిన ఒపేరా భవనం కప్పు మీదికి ఎవరైనా నడిచి ఎక్కవచ్చు. 200కు పైగా విగ్రహాలున్న వీగెలాన్ పార్కుకు గేటు తాళం లేదు, టికెట్టూ లేదు. నోబెల్ శాంతి బహుమతి ఇచ్చే నగర మందిరం కూడా ఇక్కడిదే. 2014లో మలాలాతో పాటు కైలాశ్ సత్యార్థి అందుకున్నది అక్కడే.

పక్కింటాయన జీతం కూడా అందరిదే అంటే నమ్ముతారా? ఎవరి ఆదాయం ఎంత, పన్ను ఎంత అన్నది పన్నుల శాఖ జాబితాలో అక్కడి పౌరులు చూసుకోవచ్చు. 2014 నుంచి ఒక మెలిక పెట్టారు: ఎవరు చూశారో అవతలివాళ్లకు తెలిసిపోతుంది.

అందరిదీ అన్నప్పుడు ఎవరిని మరిచారు

ఉత్తరాన రెయిన్‌డీర్ మందల వెంట బతికిన సామీ ఆదివాసుల భాషను నార్వే ఒక శతాబ్దానికి పైగా అణిచింది. బడిలో మాట్లాడనివ్వలేదు. అల్టా నది మీద ఆనకట్ట వద్దని 1979 నుంచి 1981 దాకా సాగిన పోరాటం తర్వాతే దేశం కళ్లు తెరిచింది. కరాషోక్‌లో 1989 నుంచి సామీ పార్లమెంటు ఉంది. ఐదో హారల్డ్ రాజు 1997లో క్షమాపణ చెప్పాడు. 2024లో నార్వే పార్లమెంటు చెప్పింది. అయినా గాయం మానలేదు. ఫోసెన్ ప్రాంతంలో గాలిమరలకు ఇచ్చిన లైసెన్సులు సామీల హక్కులను కాలరాశాయని 2021లో సుప్రీంకోర్టు తేల్చాక కూడా మరలు ఆగలేదు. 2023లో సామీ యువత ఓస్లోలో మంత్రిత్వ శాఖల ముందు బైఠాయించారు. పచ్చటి కరెంటు ఎవరి నేల మీద అన్న ఈ తగవు తెలియకుండా రెయిన్‌డీర్ బండి మీద ఫొటో దిగి రావడం నాకు న్యాయంగా తోచదు.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు

1972లో, 1994లో జనం వద్దనడంతో నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు. యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతమైన షెంగెన్‌లో ఉంది కాబట్టి వీసా అదే, డబ్బు మాత్రం యూరో కాదు, క్రోనర్. నోట్లు మార్చుకునే తొందర అక్కర్లేదు, అంతా కార్డే. ఆదివారం పెద్ద దుకాణాలు మూసేస్తారు. శనివారమే సరుకులు కొనిపెట్టుకోండి. 4.7 శాతం దాటిన మద్యం అమ్మేది ప్రభుత్వ దుకాణాల్లోనే. కుళాయి నీళ్లు హాయిగా తాగొచ్చు. ఖాళీ సీసాలు దుకాణంలోని యంత్రంలో వేస్తే రెండు మూడు క్రోనర్లు వెనక్కి వస్తాయి. బెర్గెన్ వెళ్తే గొడుగు కాదు, వానకోటు తీసుకెళ్లండి. అక్కడ ఏడాదిలో 200 రోజులకు పైగా వాన.

పిల్లలతో వెళ్లి స్థిరపడేవాళ్లు ఒకటి మరవద్దు. 1987 నుంచి పిల్లల మీద చేయి చేసుకోవడం, తల్లిదండ్రులైనా సరే, అక్కడ చట్టవిరుద్ధం. ప్రపంచంలో పిల్లలకంటూ ప్రత్యేక ఆంబుడ్స్‌మన్‌ను మొదట నియమించింది కూడా నార్వేనే, 1981లో. చిన్న దెబ్బే కదా అన్న మాట అక్కడ చెల్లదు.

తిండి దగ్గర శాకాహారులకు కాస్త కష్టమే. పాలవిరుగుడు నీళ్లను గంటల తరబడి కాచి చేసే గోధుమరంగు జున్ను రుచి చూడండి, మన పాలకోవాకు చిటికెడు ఉప్పు తగిలినట్టు ఉంటుంది. మీగడ కలిపి ఆ జున్నును ఇప్పటి రూపానికి తెచ్చింది 1863లో గుడ్‌బ్రాన్స్‌డాల్ లోయలోని ఆన్నె హోవ్ అనే మహిళ.

పటాన్‌చెరు విత్తనాలు మంచుకొండలో

నార్వే ప్రధాన భూభాగానికి బాగా ఉత్తరంగా స్వాల్‌బార్డ్ దీవులున్నాయి. 1920 నాటి ఒప్పందం వాటిని నార్వేకే ఇచ్చింది గానీ, సంతకం చేసిన దేశాల వాళ్లందరికీ అక్కడ పనిచేసుకునే హక్కు కూడా రాసింది. బ్రిటిష్ కాలంలోనే భారత్ ఆ జాబితాలో ఉంది. 2008 నుంచి అక్కడ మన పరిశోధన కేంద్రం హిమాద్రి నడుస్తోంది.

అదే ఏడాది అక్కడి కొండ లోపల, మైనస్ 18 డిగ్రీల చలిలో ప్రపంచ విత్తన భాండాగారం తెరిచారు. 13 లక్షలకు పైగా విత్తన నమూనాలు చేరాయి. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ పంపిన జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, రాగి విత్తనాలు అందులో ఉన్నాయి. పెట్టె పంపిన సంస్థదే, వాళ్లు అడిగితే తప్ప నార్వే కూడా తెరవకూడదు. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి విత్తన కేంద్రానికి వెళ్లే దారి మూసుకుపోయినప్పుడు, 2015లో ఆ కేంద్రం వాళ్లు తొలిసారి తమ పెట్టెలు వెనక్కి తీసుకున్నారు. మొరాకో, లెబనాన్‌లలో నాటి పెంచి, కొత్త విత్తనాలు మళ్లీ పంపారు.

సందర్శకులను లోపలికి రానివ్వరు, తలుపు దాకా వెళ్లి చూడొచ్చు. అక్కడి ఊరి పొలిమేర దాటితే ధ్రువపు ఎలుగుబంట్ల భయం ఉంది కాబట్టి గైడు లేకుండా కదలవద్దు. ఇంకొకటి. స్వాల్‌బార్డ్‌లో ఉండటానికి వీసా అక్కర్లేదు, అది షెంగెన్ బయట ఉంది. కానీ వెళ్లేది, తిరిగొచ్చేది నార్వే ప్రధాన భూభాగం మీదుగానే కాబట్టి, ఒకసారి దీవులకు వెళ్లాక మళ్లీ షెంగెన్‌లోకి రావడానికి రెండుసార్లు ప్రవేశం ఇచ్చే వీసా కావాలి. దరఖాస్తు నింపేటప్పుడే ఆ గడి చూసుకుని టిక్కు పెట్టండి.